సౌండ్ గట్టిగా వచ్చే ఫోన్ కావాలా? ముందు చెవి సంగతి చూడండి: పిల్లల్లో, పెద్దల్లో వినికిడి లోపం గుర్తుపట్టడం ఎలా

ఈ సైట్‌కు వచ్చే ప్రశ్నల్లో "పదిహేను వేలల్లో మంచి ఫోన్ ఏది" తర్వాత ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. "అన్నా, బాపుకు ఫోన్ కొనాలె. కెమెరా గిమెరా ఏం వద్దు. సౌండ్ మాత్రం గట్టిగ రావాలె." ఊరి పేరు మారుతుంది, బడ్జెట్ మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే.

నేను మోడల్ పేరు చెప్పే ముందు తిరిగి రెండు మూడు ప్రశ్నలు అడుగుతాను. బాపు ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటాడు? ఈ మధ్య చెవి మార్చాడా? ప్రతి కాల్ స్పీకర్‌లో పెట్టే మాట్లాడుతున్నాడా? ఇంట్లో టీవీ వాల్యూమ్ ఎంత మీద ఉంటుంది? సగం మందికి సమాధానం చెప్తుండగానే విషయం అర్థమైపోతుంది. ఇప్పుడున్న ఫోన్‌కు ఏ రోగమూ లేదు. చెవికి ఉంది.

తొర్రూరు బస్టాండ్ దగ్గర ఫోన్ రిపేర్ షాపు నడిపే మా దోస్తు ఇదే మాట ఇంకో రకంగా చెప్తాడు. "స్పీకర్ పోయింది" అని పెద్దమనుషులు తెచ్చే ఫోన్లలో కొన్నింటికి అసలు ఏమీ అయి ఉండదట. ముందు ఇయర్‌పీస్ జాలీ మీద దుమ్ము బ్రష్‌తో తీస్తాడు. మన దగ్గర పత్తి, మిర్చి సీజన్‌లో ఆ జాలీ మూసుకుపోవడం నిజంగానే మామూలు. తర్వాత తన ఫోన్ నుంచి కాల్ చేసి తను విని చూస్తాడు. మంచిగనే వినిపిస్తుంది. ఫోన్ తెచ్చినాయనకు ఇస్తే "లేదు బిడ్డా, ఇనవడ్తలేదు" అంటాడు. అక్కడ ఇద్దరికీ కొంచెం ఇబ్బంది. చెవుల సంగతి చూపించుకొమ్మని షాపాయన ఎట్ల చెప్తాడు? "కొత్త స్పీకర్ వేద్దాం, రెండొందలు" అనడమే తేలిక. మా దోస్తు అట్ల అనడు కాబట్టే ఈ సంగతి నా దాకా వచ్చింది.

అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, ఫోన్ వాడే తీరును బట్టి వినికిడి లోపాన్ని ఎలా పసిగట్టొచ్చో, ఏ యాప్‌ను ఎంతవరకు నమ్మొచ్చో, తొర్రూరు లాంటి ఊరి నుంచి ఎక్కడికి వెళ్లాలో రాస్తున్నాను.

ఫోన్ వాడకంలోనే సగం తెలిసిపోతుంది

పెద్దవాళ్లలో వినికిడి ఒక్కరోజులో పోదు. పదేళ్లు, పదిహేనేళ్లు మెల్లగా తగ్గుతూ వస్తుంది. మెల్లగా తగ్గేదాన్ని తగ్గుతున్న మనిషి గుర్తుపట్టలేడు, చుట్టూ ఉన్నవాళ్లు గుర్తుపడతారు. వాళ్లకు ముందు దొరికేవి ఇలాంటివే: కాల్‌లో ఉన్నప్పుడు కూడా వాల్యూమ్ బటన్ పైకి నొక్కుతూనే ఉండటం, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను మూడుసార్లు పెట్టుకుని వినడం, ఆఖరికి ఫోన్ మనవరాలి చేతికిచ్చి "ఏమన్నడో జెప్పు" అనడం, సిగ్నల్ ఫుల్ ఉన్నా "సిగ్నల్ మంచిగ లేదు, మళ్ల చేస్త" అని పెట్టేయడం. వీడియో కాల్ ఇష్టపడి మామూలు కాల్ తప్పించుకునేవాళ్లను కూడా చూశాను. ముఖం కనబడితే పెదాలు చూసి సగం అర్థం చేసుకోవచ్చు కదా. అలా చూస్తున్నామన్న సంగతి వాళ్లకే తెలియదు.

ఫోన్ బయట కూడా కొన్ని ఉన్నాయి. కుక్కర్ విజిల్స్ లెక్క తప్పడం. వెనక నుంచి వచ్చే బండి హారన్‌కు పక్కకు జరగకపోవడం. మా ఊరి మీదుగా వరంగల్–ఖమ్మం రోడ్డు, అంటే జాతీయ రహదారి 563 పోతుంది. గ్రానైట్ లారీలు, వడ్ల ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద ఇది చిన్న విషయం కాదు. పెళ్లిలో నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే నవ్వాల్సిన చోట అందరికంటే అర సెకను లేటుగా నవ్వడం. తర్వాత్తర్వాత ఆ నలుగురిలో కూర్చోవడమే మానేయడం. ఇంట్లోవాళ్లు దీన్ని "వయసు మీద పడ్డది, ఎవ్వలతోని మాట్లాడ్తలేడు" అనుకుంటారు. మతిమరుపు మొదలైందనీ అనుకుంటారు. మతిమరుపు రాకుండా మనం ముందే చక్కదిద్దుకోగలిగిన కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచి చెప్తూనే ఉంది. కాబట్టి ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోయే విషయాలే.

ఒక చెవి సంగతి వేరుగా చెప్పాలి. ఎప్పుడూ కుడి చెవికి పెట్టుకునే మనిషి ఎడమ చెవికి మార్చాడంటే, ఇయర్‌బడ్స్‌లో ఒకవైపు సౌండ్ తక్కువ వస్తోందని జత మార్పించాక కూడా అదే కంప్లయింట్ చెప్తున్నాడంటే, అది బడ్స్ వారంటీ సమస్య కాదు. ఎడమ బడ్‌ను కుడి చెవికి మార్చి చూస్తే నిమిషంలో తేలిపోతుంది: సమస్య బడ్‌తో పాటు వెళ్లిందా, చెవి దగ్గరే ఉండిపోయిందా అని. పొద్దున లేచేసరికి ఒక చెవి ఒక్కసారిగా మూసుకుపోయినట్టు ఉంటే అది ఎమర్జెన్సీ. జలుబు చేసిందిలే, గులిమి అడ్డం పడిందిలే అని వారం ఆగొద్దు. అకస్మాత్తుగా పోయిన వినికిడికి స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లో పనిచేసినట్టు నెల తర్వాత పనిచేయవు. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్ట్ గుర్తుండే ఉంటుంది. విమానం దిగి నడుస్తుంటే ఏమీ వినిపించలేదని, వైరస్ వల్ల నరానికి సంబంధించిన వినికిడి లోపం వచ్చిందని డాక్టర్లు చెప్పారని రాశారు. పెద్ద సౌండ్, హెడ్‌ఫోన్స్ విషయంలో జాగ్రత్తగా ఉండమని అభిమానులకు చెప్పారు.

"వినబడ్తది, సమజైతలేదు"

ఈ మాట చాలా ఇళ్లలో వినే ఉంటారు. వినే వాళ్లకు కోపం కూడా వస్తుంది: "వినబడినప్పుడు సమజ్ ఎందుకు కాదు?" నిజానికి ఆ పెద్దాయన చెప్పేది అక్షరాలా కరెక్టే.

వయసుతో, పెద్ద సౌండ్‌తో వచ్చే వినికిడి లోపం ముందు హై ఫ్రీక్వెన్సీ దగ్గర మొదలవుతుంది. మన మాటలో అచ్చులు (ఆ, ఓ, ఊ లాంటివి) తక్కువ ఫ్రీక్వెన్సీలో, ఎక్కువ బలంతో ఉంటాయి. స, శ, త, ప, క లాంటి హల్లుల్లో చాలా భాగం పై ఫ్రీక్వెన్సీలో, చాలా తక్కువ బలంతో ఉంటుంది. తెలుగులో దాదాపు ప్రతి పదం అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మాట వస్తున్నట్టు, ఎవరో ఏదో అంటున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. కానీ ‘పాలు’ అన్నారా, ‘కాలు’ అన్నారా, ‘తాలు’ అన్నారా? ఆ మొదటి హల్లు జారిపోతే మూడూ ఒకటే. ఈక్వలైజర్ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే ట్రెబుల్ మొత్తం కిందికి లాగేసి పాట విన్నట్టు. అలాంటప్పుడు వాల్యూమ్ పెంచితే బేస్ పెరుగుతుంది, మాట తేటపడదు. అందుకే పెద్దవాళ్ల దగ్గర అరిచి చెప్పడం కంటే, ఎదురుగా నిలబడి కొంచెం నిదానంగా చెప్తే బాగా అందుతుంది. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు ముందుగా తగ్గేదీ ఇందుకే. "మా ఆయన నా మాట తప్ప అందరి మాట వింటాడు" అనే అత్తమ్మలందరూ ఒకసారి ఆయన్ని ఆడియోమెట్రీకి తీసుకెళ్లి చూడండి. అన్నిసార్లూ కాదు లెండి, కొన్నిసార్లు.

ఆడియోమెట్రీ అంటే సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీలో మీరు పట్టుకోగలిగే అతి చిన్న సౌండ్ ఎంతో కొలవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ లోపు వినగలిగితే మామూలు. 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 80 దాటితే చాలా తీవ్రం. మన చట్టం, అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం, రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ అని, 70 ఉంటే బధిరత్వం అని అంటుంది. సర్టిఫికెట్‌కు కావాల్సిన లెక్క, రోజువారీ జీవితంలో ఇబ్బంది మొదలయ్యే లెక్క ఒకటి కాదు. సర్టిఫికెట్ రాకపోయినా ఇబ్బంది 35 దగ్గరే మొదలైపోతుంది.

పిల్లలు: "ఫోన్ చూసి చూసి మాటలు రాలేదు"

ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం ఇదే. మా వాడకట్టులో ఒక జంట నన్ను ఒక యాప్ అడగడానికి వచ్చారు. యూట్యూబ్ లాక్ చేసే పేరెంటల్ కంట్రోల్ యాప్. బాబుకు రెండున్నరేళ్లు, ఇంకా మాటలు లేవు. "అంతా ఫోన్ వల్లే సార్, పుట్టినప్పటి నుంచి కార్టూన్లు పెట్టినం" అని వాళ్లకు వాళ్లే శిక్ష వేసుకున్నారు. నాలుగు నెలలుగా ఫోన్ బంద్ చేశారు. అయినా మాట లేదు. నేను డిజిటల్ వెల్‌బీయింగ్ సెట్టింగ్స్ తెరుస్తుంటే, అంగన్‌వాడీలో పనిచేసే మా అక్క పక్క నుంచి అడిగింది: "చెవులు చూపించిండ్రా?"

చూపించలేదు. ఎందుకంటే ఇంట్లో ‘టెస్ట్’ అయిపోయింది. నాయనమ్మ వెనక నిలబడి స్టీల్ పళ్లెం మీద గరిటెతో కొట్టింది, పిల్లాడు తిరిగి చూశాడు. చెవులు మంచిగనే ఉన్నాయని తేల్చేశారు.

పళ్లెం టెస్ట్‌ను ఎందుకు నమ్మకూడదో చెప్తాను, ఎందుకంటే ఇది ప్రతి ఇంట్లోనూ చేసేదే. దగ్గర నుంచి పళ్లెం మీద కొట్టే సౌండ్ మాట కంటే ఎన్నో రెట్లు పెద్దది. మాట అసలే అందని పిల్లాడికి కూడా అది అందొచ్చు. రెండోది, నేల అదురుతుంది, గాలి తగులుతుంది, వెనక మనిషి నీడ పడుతుంది, ఎదురుగా ఉన్న అమ్మ కళ్లు అటు తిరుగుతాయి. వినికిడి తక్కువున్న పిల్లలు మిగతా వాటిని మనకంటే చురుగ్గా పట్టుకుంటారు. తలుపు చప్పుడుకు, పటాకులకు ఉలిక్కిపడ్డంత మాత్రాన మాట వినబడుతున్నట్టు కాదు.

ఇంకో మోసం కూడా ఉంది. అసలేమీ వినబడని పిల్లలు కూడా మొదటి కొన్ని నెలలు ‘ఊ’ కొడతారు, ‘ఆ’ అంటారు, నవ్వుతారు. అది చూసి ఇంట్లో ధైర్యంగా ఉంటారు. వినబడే పిల్లల్లో ఆ ఊసులు ఆరేడు నెలల తర్వాత ‘బబబ’, ‘దదద’, ‘తాతాతా’ అని పెరుగుతాయి. వినబడని పిల్లల్లో అక్కడే ఆగిపోతాయి, లేదా తగ్గిపోతాయి. కాబట్టి చూడాల్సిన వయసులు గుర్తుపెట్టుకోండి. మూడు నాలుగు నెలలకు అమ్మ గొంతు వింటే ఏడుపు ఆపాలి, గొంతు వచ్చిన వైపు కళ్లు తిప్పాలి. ఆరు నెలలకు తల తిప్పాలి. తొమ్మిది, పది నెలలకు పేరు పెట్టి పిలిస్తే చూడాలి, చిటిక వేయకుండా, ఎదురుగా చెయ్యి ఊపకుండా. ఏడాదికి అమ్మ, తాత, అత్త లాంటి ఒకటి రెండు మాటలు. రెండేళ్లకు ‘పాలు కావాలె’ లాంటి రెండు మాటల జతలు. ఇందులో ఏది తప్పినా సరే, మొదటి పరీక్ష వినికిడి పరీక్షే. ఆటిజం అనుమానం ఉన్నా, ఫోన్ ఎక్కువైందని అనుకున్నా, "వీళ్ల మామకు కూడా నాలుగేళ్లకే మాటలొచ్చినయ్" అని ఎవరన్నా చెప్పినా, ముందు చెవి తేల్చుకుని తర్వాత మిగతావి.

నేను గాడ్జెట్ల మీద రాసి బతికేవాడిని, అయినా చిన్నపిల్లలకు స్క్రీన్ ఎక్కువైతే మాటలు ఆలస్యమవుతాయన్నది కాదనను. బాధేంటంటే, ఇప్పుడు ప్రతి మాట ఆలస్యానికీ ఫోన్ ఒక రెడీమేడ్ కారణం అయిపోయింది. కారణం దొరికింది కాబట్టి పరీక్ష ఆగిపోతోంది. ఫోన్ మాన్పించి ఆరు నెలలు చూద్దాం అనుకునే ఆ ఆరు నెలలే వినబడని పిల్లాడికి అన్నిటికంటే ఖరీదైనవి. మెదడు భాషను అల్లుకునే పని మొదటి మూడేళ్లలోనే చాలావరకు చేసేస్తుంది. అందుకే ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటి, మూడు, ఆరు: నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మెషిన్ పెట్టి చికిత్స మొదలు.

ఆ బాబును వరంగల్ తీసుకెళ్లారు. బెరా టెస్ట్‌లో రెండు చెవుల్లోనూ తీవ్ర లోపం అని తేలింది. ముందు హియరింగ్ ఎయిడ్స్ పెట్టారు, కాక్లియర్ ఇంప్లాంట్ కోసం పరీక్షలు నడుస్తున్నాయి. వాళ్ల నాన్న ఇప్పుడు నెలలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఎవరి పిల్లల మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి? మేనరికం పెళ్లిళ్లు చేసుకున్నవాళ్ల పిల్లలు (మన తెలుగు జిల్లాల్లో ఇది ఇంకా ఉంది కాబట్టి సూటిగానే చెప్పుకోవాలి), కుటుంబంలో చిన్నప్పటి నుంచే చెవుడు ఉన్నవాళ్ల పిల్లలు, నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, పుట్టగానే కామెర్లు ఎక్కువై లైట్ కింద పెట్టాల్సి వచ్చినవాళ్లు, ఎన్‌ఐసీయూలో ఉన్నవాళ్లు, మెదడువాపు జ్వరం వచ్చినవాళ్లు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా వస్తే బిడ్డ చెవులు దెబ్బతింటాయి. తెలంగాణలో 2017 ఆగస్టులో స్కూళ్లలో వేసిన ఎంఆర్ టీకాలో ‘ఆర్’ అంటే అదే. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి కొన్ని ఇంజెక్షన్లు కూడా చెవి లోపలి కణాలను చంపగలవు.

బడికి వెళ్లే వయసులో కథ వేరు. పుట్టుకతో బాగానే విన్న పిల్లలకు జలుబులు, టాన్సిల్స్, అడినాయిడ్స్ వల్ల కర్ణభేరి వెనక జిగట నీరు చేరుతుంది. వినికిడి కొంచెమే తగ్గుతుంది, వారం బాగుంటుంది, వారం ఉండదు. టీచర్ "శ్రద్ధ లేదు" అంటుంది, ఇంట్లో "కావాలనే వింటలేడు" అంటారు. నోరు తెరుచుకుని నిద్రపోవడం, టీవీ ముందుకు జరిగి కూర్చోవడం, డిక్టేషన్‌లో మాత్రమే తప్పులు ఎక్కువ రావడం చూస్తే అనుమానించండి. ఇది చాలావరకు నయమయ్యేదే. చెవిలో చీము కారుతుంటే వెచ్చని నూనె పోయడం, కోడి ఈకతో తుడవడం మాత్రం వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె నేరుగా లోపలికే పోతుంది.

నిమిషంలో చెప్పే మెషిన్

నెలల బిడ్డ "వినబడుతోంది" అని చెప్పలేదు కదా, మరి ఎలా కొలుస్తారు? ఈ టెక్నాలజీ నాకు ఏ ఫ్లాగ్‌షిప్ ఇయర్‌బడ్స్ కంటే ముచ్చటగా అనిపిస్తుంది. పేరు ఓఏఈ. బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు. అందులో స్పీకరూ ఉంటుంది, మైకూ ఉంటుంది. స్పీకర్ చిన్న ‘క్లిక్’ పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి ఆ క్లిక్‌ను అందుకుని తిరిగి తనే ఒక సన్నని సౌండ్ పుట్టిస్తుంది! మైక్ దాన్ని పట్టుకుంటుంది. చెవి వినడమే కాదు, సౌండ్ చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించాడు. బిడ్డ నిద్రలో ఉంటే చెవికి నిమిషం, రెండు నిమిషాలు. సూది లేదు, నొప్పి లేదు. ఓఏఈ లోపలి చెవి వరకే చెప్తుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరం సంగతి చెప్పదు. అందుకే ఎన్‌ఐసీయూ పిల్లలకు, ఓఏఈలో ‘రెఫర్’ వచ్చిన పిల్లలకు బెరా చేస్తారు. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, సౌండ్‌కు మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందన చూస్తారు. ‘రెఫర్’ అనగానే భయపడొద్దు, పుట్టిన రెండు మూడు రోజుల్లో చెవిలో ఉమ్మనీరు, తడి ఉన్నా అలా వస్తుంది. భయపడకపోవడం అంటే రెండోసారి వెళ్లకపోవడం మాత్రం కాదు.

మన దేశంలోనే తయారైన మెషిన్ కూడా ఉంది. పేరు సోహమ్. మూడు ఎలక్ట్రోడ్లతో మెదడు స్పందనను కొలుస్తుంది, బ్యాటరీ మీద నడుస్తుంది, చుట్టూ ఉన్న గోలను సాఫ్ట్‌వేర్‌తో వడకడుతుంది. అంటే గదగదలాడే వార్డులో కూడా చేయొచ్చన్నది ఆలోచన. 2017 జులైలో అప్పటి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సహాయమంత్రి, మన తెలుగాయనే, సుజనా చౌదరి దాన్ని విడుదల చేశారు. కాన్పు అయిన ఆసుపత్రిలో డిశ్చార్జ్ అయ్యేలోపు "మా బిడ్డకు ఓఏఈ గానీ బెరా గానీ చేశారా?" అని అడగండి. టీకాల కార్డు మీద ఆ రిజల్ట్ రాయించుకోండి.

యాప్‌లు: ఏది నమ్మాలి, ఎంత నమ్మాలి

ప్లే స్టోర్‌లో ‘హియరింగ్ టెస్ట్’ అని కొడితే కుప్పలుగా వస్తాయి. యూట్యూబ్‌లో "ఈ సౌండ్ వినబడితే మీ చెవి వయసు ఇరవై" వీడియోలు సరేసరి. వీటిలో టోన్ వినిపించి "వినబడిందా" అని అడిగేవాటిని సీరియస్‌గా తీసుకోవద్దు. ఒకే ఫోన్‌లో వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో, నాలుగు రకాల టీడబ్ల్యూఎస్ బడ్స్‌తో అలాంటి ఒక వీడియో పెట్టి చూశాను. ఒక్కో జతతో నా చెవి వయసు ఒక్కోలా వచ్చింది. ఏ బడ్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచుతుందో యాప్‌కు తెలియదు, బడ్ చెవిలో ఎంత బిగుతుగా కూర్చుందో అసలే తెలియదు.

ఈ చిక్కును తెలివిగా దాటిన పరీక్ష ఒకటుంది: గోలలో అంకెలు. వెనక ‘స్‌స్‌స్’ అని గోల, దాని మధ్య మూడు అంకెలు. మీరు విన్నవి కీప్యాడ్ మీద కొట్టాలి. కరెక్ట్ అయితే గోల మధ్య అంకె ఇంకా సన్నగిల్లుతుంది, తప్పైతే పెరుగుతుంది. ఇక్కడ కొలిచేది అంకెకూ గోలకూ మధ్య తేడా మాత్రమే. మీ ఫోన్ సౌండ్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా రెండూ కలిసే పెరుగుతాయి, తగ్గుతాయి కాబట్టి ఫలితం పెద్దగా చెడదు. నెదర్లాండ్స్‌లో మామూలు ల్యాండ్‌ఫోన్ మీద జరిపే పరీక్షగా 2004లో ఈ పద్ధతి వివరాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ‘హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ’ యాప్ ఇదే పద్ధతి, ఉచితం. ఇంగ్లిష్ అంకెలు ఎలా అంటారా? మన దగ్గర బడి ముఖం చూడని పెద్దమనిషి కూడా ఫోన్ నంబర్ మాత్రం ‘నైన్ ఎయిట్ ఫోర్’ అనే చెప్తాడు. ఇంటి పెద్దవాళ్లతో చేయించినప్పుడు టైప్ చేయడం మీరు చూసుకోండి, వాళ్లు నోటితో చెప్తే చాలు. స్కోర్ తక్కువ వస్తే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలన్న సంకేతం, అంతే. చిన్నపిల్లలకు ఇది పనికిరాదు.

యాపిల్ 2024 అక్టోబర్‌లో ఐఓఎస్ 18.1తో ఎయిర్‌పాడ్స్ ప్రో 2కు హియరింగ్ టెస్ట్, హియరింగ్ ఎయిడ్ ఫీచర్లు ఇచ్చింది. అక్కడ ఫోనూ బడ్సూ రెండూ ఒకే కంపెనీవి, ఏ బడ్ ఎంత సౌండ్ ఇస్తుందో తెలుసు కాబట్టి టోన్ టెస్ట్‌కు అర్థం ఉంది. కానీ అది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు, స్వల్ప, మధ్యస్థ లోపానికి మాత్రమే. అన్ని దేశాల్లో ఒకేలా రాలేదు, మీ సెట్టింగ్స్‌లో కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ఏ యాప్ లేకుండా చేసే పరీక్ష ఒకటి, డాక్టర్లు కూడా వాడేది. పెద్దాయన్ని కూర్చోబెట్టి, వెనక చెయ్యి చాచినంత దూరంలో నిలబడండి. పెదాలు కనబడకూడదు. ఒక చెవి రంధ్రం మీద వేలితో మెల్లగా రుద్దుతూ ఉండమనండి. ఊపిరి మొత్తం వదిలేసి, గొంతు కలపకుండా గుసగుసగా మూడు చెప్పండి, "ఐదు, క, రెండు" లాగా అంకెలు, అక్షరాలు కలిపి. తిరిగి చెప్పమనండి. తప్పితే వేరే మూడు. మొత్తం ఆరింటిలో సగం కూడా చెప్పలేకపోతే ఆ చెవికి ఆడియోమెట్రీ చేయించాలి. రెండో చెవికీ ఇదే.

డీజే బాక్సుల గురించి రెండు ముక్కలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగం అవుతుంది: 83లో 20 గంటలు, 86లో 10, 89లో 5. ఇలా లెక్క కట్టుకుంటూ పోతే 110 దగ్గర వారం మొత్తానికి రెండు నిమిషాల చిల్లర మిగులుతుంది. బరాత్‌లో బాక్సుల ముందు నిలబడితే ఒక్క పాట సగం కాకముందే ఆ వారం కోటా ఖతం. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు, ఆ ఉత్తర్వు మన దాకా రాదు. జిన్నింగ్ మిల్లు, క్రషర్, హార్వెస్టర్ మీద పనిచేసేవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ ఇరవై ముప్పై రూపాయలకు దొరుకుతాయి. డ్యూటీ అయ్యాక చెవిలో ‘గుయ్’ మంటుంటే చెవి దెబ్బ తింటోందని అర్థం.

తొర్రూరు నుంచి ఎక్కడికి?

పిల్లలకైతే మొదటి మెట్టు ఊళ్లోనే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూసే సమస్యల్లో పుట్టు చెవుడు, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. వాళ్లు వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో ఉంచేయకండి. "మాటలు రాలేదు" అని మీరే ముందు చెప్పండి, వందమంది పిల్లల మధ్య వాళ్లకు అది కనబడకపోవచ్చు. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. మనకు జిల్లా కేంద్రం మహబూబాబాద్. పాత అలవాటు కొద్దీ చాలామంది నేరుగా వరంగల్ ఎంజీఎంకే పోతారు, బస్సు సౌకర్యం దానికే ఎక్కువ. పెద్ద పరీక్షలకు హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షలు, మాటల శిక్షణ అక్కడ అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో జరుగుతాయి.

ఇంప్లాంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, కేంద్రం నడిపే అడిప్ పథకంలో కూడా పుట్టు చెవుడు ఉన్న ఐదేళ్లలోపు పిల్లలకు ఉంది. రెండింటికీ వయసు నిబంధనలు ఉన్నాయి కాబట్టి పరీక్షలు వాయిదా వేసే ప్రతి నెలా మీ లెక్కలోంచే పోతుంది. ఆపరేషన్ అయిన రోజు బిడ్డ మాట్లాడడు. తర్వాత నెలల తరబడి వినడం నేర్పే థెరపీ ఉంటుంది. థెరపీకి వారం వారం ఎవరు తీసుకెళ్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

కొనేవి, కొనకూడనివి

ఆన్‌లైన్‌లో ఆరేడు వందలకు ‘చెవి మెషిన్’ అని అమ్మేవి చాలావరకు ఆంప్లిఫయర్లే. అన్ని సౌండ్లనూ ఒకేలా పెంచుతాయి. పైన చెప్పుకున్న ‘పాలు, కాలు’ సమస్యకు అది మందు కాదు, పైగా ప్లేట్ పడ్డ చప్పుడు కూడా అంతే పెరిగి చెవిలో దిగుతుంది. డిజిటల్ హియరింగ్ ఎయిడ్‌ను మీ ఆడియోగ్రామ్ చూసి, ఏ ఫ్రీక్వెన్సీ తగ్గిందో అక్కడే పెంచేలా ప్రోగ్రామ్ చేస్తారు. ఆడియోగ్రామ్ లేకుండా మెషిన్ అమ్మే షాపులో కొనొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు నేరుగా కనెక్ట్ కావాలంటే ఆషా ప్రోటోకాల్ లేదా ఎల్‌ఈ ఆడియో ఉన్న మోడల్ చూసుకోండి. ఆషా ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది, కానీ అన్ని కంపెనీల ఫోన్లూ సపోర్ట్ చేయవు. మెషిన్ కొనే షాపులోనే మీ ఫోన్‌తో పెయిర్ చేయించి కాల్ మాట్లాడి చూడండి.

ఈలోపు ఫోన్‌లో ఉచితంగా ఉన్నవి వాడండి. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులో పనిచేస్తుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు పడతాయి. న్యూస్ చదివినట్టు మాట్లాడితే బాగానే రాస్తుంది, మన యాసలో "గా దిక్కు పోయొస్త" అంటే తడబడుతుంది. అయినా డాక్టర్ దగ్గర, బ్యాంకులో ఉపయోగమే. అదే కంపెనీ సౌండ్ నోటిఫికేషన్స్ బిడ్డ ఏడిస్తే, తలుపు కొడితే ఫోన్‌ను వైబ్రేట్ చేస్తుంది. ఒక చెవే పనిచేసేవాళ్లు యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేసుకుంటే సినిమాలో సగం డైలాగులు పోకుండా ఉంటాయి.

మెషిన్ కొన్నాక చాలామంది తిట్టుకునేది బ్యాటరీ దగ్గర. చార్జింగ్ మోడల్ కాకపోతే అందులో జింక్-ఎయిర్ సెల్స్ ఉంటాయి. సైజును బట్టి స్టిక్కర్ రంగు: 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. స్టిక్కర్ తీయగానే గాలి లోపలికి వెళ్లి సెల్ పని మొదలుపెడుతుంది, మళ్లీ అంటించినా ఆగదు. కాబట్టి ఒకేసారి అన్నిటి స్టిక్కర్లు పీకి డబ్బాలో పెట్టొద్దు. తీశాక ఒక నిమిషం అలాగే ఉంచి, తర్వాత మెషిన్‌లో వేయండి. మా ఊళ్లో 13 సైజు అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, వరంగల్ వెళ్లినప్పుడు రెండు పట్టీలు ఎక్కువ తెచ్చిపెట్టుకోవడం మంచిది.